నికెల్–హైడ్రోజన్ రియాక్టర్ డైరీ: ముందు వేడికి దారి, తర్వాతే ప్రయోగం

జనవరి, రెండో వారం

చర్లపల్లి పారిశ్రామిక వాడలోని మా షెడ్డులో ఒక మూల ఖాళీ చేసి, సిమెంటు దిమ్మ మీద ఇనుప బల్ల బిగించాం. ఈ ఏడాది దాని మీద చిన్న నికెల్–హైడ్రోజన్ రియాక్టర్ నడవాలి. అది మనం పెట్టిన విద్యుత్తుకు మించి అదనపు వేడి ఇస్తుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఒకవేళ ఇస్తే ఆ వేడి ఎటు పోవాలి, ఎంత త్వరగా పోవాలి, దగ్గర మనిషి లేనప్పుడు కూడా ఎలా పోవాలి అన్నది మొదటి ప్రశ్న. ఈ డైరీ ఎక్కువగా మొదటి ప్రశ్న గురించే.

1989 మార్చి 23న యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ కోల్డ్ ఫ్యూజన్ (గది ఉష్ణోగ్రత దగ్గరే పరమాణు కేంద్రకాలు కలిసి వేడి ఇస్తాయన్న వాదన) ప్రకటన చేసినప్పుడు లోకమంతా చవక విద్యుత్తు గురించి మాట్లాడుకుంది. నేను మాత్రం వాళ్ల తొలి పత్రంలోని ఒక హెచ్చరిక దగ్గరే మళ్లీ మళ్లీ ఆగుతాను. సెంటీమీటరు పల్లేడియం ఘనంతో చేసిన ప్రయోగంలో లోహం చాలా భాగం కరిగిపోయిందని, కొంత ఆవిరైందని, పాత్రతో పాటు దాన్ని ఉంచిన ఫ్యూమ్ హుడ్‌లో (వాయువులను బయటికి లాగే అరలో) కొంత భాగం కూడా నాశనమైందని వాళ్లే రాశారు. పల్లేడియం కరగాలంటే 1554 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ ఘటనకు కారణం మీద ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. ఏ వాదన నిజమైనా, ఎంత వేడి పుడుతుందో తెలియని లోహాన్ని, ఎంత వేడి బయటికి పంపగలదో లెక్క కట్టని పాత్రలో పెట్టారన్నది మాత్రం స్పష్టం.

రెండో ఘటన ఇంకా బాధాకరం. 1992 జనవరి 2న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ ప్రయోగశాలలో ఆండ్రూ రైలీ అనే ఎలక్ట్రోకెమిస్టు పేలుడులో ప్రాణాలు కోల్పోయారు. మూసి ఉన్న పాత్రలో విద్యుద్విశ్లేషణ జరుగుతుంటే పుట్టే డ్యుటీరియాన్ని (బరువైన హైడ్రోజన్‌ను), ఆక్సిజన్‌ను ఒక ఉత్ప్రేరకం ఎప్పటికప్పుడు తిరిగి నీరుగా కలపాలి. ఆ కలయిక ఆగితే రెండు వాయువులూ పాత్రలోనే పోగుపడతాయి. అక్కడ పేలింది మామూలు రసాయన శక్తి. ఈ రంగంలో మనుషులను గాయపరిచింది, చంపింది నాకు తెలిసినంతవరకు అదే. కాబట్టి మా షెడ్డులో మూసిన విద్యుద్విశ్లేషణ పాత్ర ఉండదు. మణుగూరు భారజల కర్మాగారం మన రాష్ట్రంలోనే ఉన్నా, భారజలం అణుశక్తి విభాగం అధీనంలోని వస్తువు. అది మాకు అక్కర్లేదు కూడా. మామూలు హైడ్రోజన్, నికెల్ పొడి చాలు.

వేడి చేస్తే హైడ్రోజన్ వదిలే లిథియం అల్యూమినియం హైడ్రైడ్ పొడి వాడే పద్ధతిని కూడా పక్కన పెట్టాం. రష్యాలో అలెగ్జాండర్ పార్ఖొమోవ్ 2014 చివర్లో చేసిన ప్రయోగం తర్వాత ఆ పొడిని నికెల్‌తో కలిపి, పింగాణీ గొట్టంలో మూసి, వెయ్యి డిగ్రీల పైకి వేడి చేయడం చాలామంది ఔత్సాహికులకు అలవాటైంది. అలాంటి గొట్టాలు పగిలిన సందర్భాలు ఉన్నాయి. ఎందుకు పగలవు? 0.1 గ్రాము హైడ్రైడ్ మొదటి రెండు దశల్లో వదిలే హైడ్రోజన్‌ను 3 ఘన సెంటీమీటర్ల ఖాళీలో మూసి 1000 డిగ్రీలకు తీసుకెళ్తే పీడనం 140 బార్ దగ్గరికి చేరుతుంది. చిటికెడు పొడికి అంత పీడనం! పైగా అది ఎప్పుడు ఎంత వదులుతుందో మన చేతిలో ఉండదు. మా హైడ్రోజన్ మాత్రం సిలిండర్ నుంచి, కొలిచి, వాల్వు గుండా వస్తుంది.

జనవరి, నాలుగో వారం

లెక్కలు పూర్తయ్యాయి. ఈ వారం ఎక్కువ సేపు కాగితం మీదే గడిచింది, కానీ మొత్తం ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

రియాక్టర్ 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు క్యాప్సూల్. బయటి వ్యాసం 12 మి.మీ., లోపలి వ్యాసం 10 మి.మీ., పొడవు 100 మి.మీ. దాని నడుమ 6 మి.మీ. గుడ్డి గొట్టం వెల్డింగు చేసి ఉంటుంది, హీటరు అందులో కూర్చుంటుంది. హీటరు హైడ్రోజన్‌ను తాకదు, చెడిపోతే క్యాప్సూల్ విప్పకుండానే మార్చుకోవచ్చు. రెండు గొట్టాల మధ్య మిగిలిన 2 మి.మీ. వలయంలో 5 గ్రాముల నికెల్ పొడి. క్యాప్సూల్ చుట్టూ 1 మి.మీ. సందు, ఆ సందు అవతల వాటర్ జాకెట్, అంటే నీళ్లు పారే తొడుగు.

ఆ 1 మి.మీ. సందే మా బ్రేకు. అందులో ఏ వాయువు ఉందన్న దాన్ని బట్టి వేడి ఎంత పోతుందో నిర్ణయమవుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆర్గాన్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.018 వాట్లు, హీలియంది 0.15. ఎనిమిది రెట్లకు పైగా తేడా. అణు పరిశోధన రియాక్టర్లలో నమూనాలను న్యూట్రాన్ల ముందు ఉంచేటప్పుడు, క్యాప్సూల్ చుట్టూ ఉన్న సందులో హీలియాన్ని మరో బరువైన వాయువుతో కలిపి, ఆ పాళ్లు మారుస్తూ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం ఎన్నాళ్లుగానో ఉన్న పద్ధతి. దాన్నే మేం చిన్న కొలతకు తెచ్చుకున్నాం. మామూలుగా సందులో ఆర్గాన్ ఉంటుంది. క్యాప్సూల్‌ను 400 డిగ్రీల దగ్గర నిలపడానికి అప్పుడు సుమారు 50 వాట్లు చాలు. అదే సందు హీలియంతో నిండితే, 400 డిగ్రీల దగ్గర 300 వాట్లకు పైగా జాకెట్‌లోకి వెళ్లిపోతుంది. హీటరు గరిష్ఠ శక్తి 70 వాట్లే. అంటే హీలియం వచ్చిన మరుక్షణం నుంచి క్యాప్సూల్ చల్లబడి తీరాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదుపు తప్పడం ఎక్కడ మొదలవుతుంది? నికొలాయ్ సెమ్యొనోవ్ 1928లో ఉష్ణ విస్ఫోటన సిద్ధాంతంలో చెప్పినది ఈ రోజుకూ చాలు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పుట్టే వేడి ఎంత పెరుగుతుంది, పోయే వేడి ఎంత పెరుగుతుంది అన్నదే చూడాలి. మొదటిది రెండోదాన్ని మించితే ఇక ఆపేది లేదు. పొడిలో జరిగే చర్య ఏదైనా, అది మోలుకు 100 కిలోజౌళ్ల ఉత్తేజన శక్తి ఉన్న రసాయన చర్యలాగా వేగం పుంజుకుంటుందని అనుకుందాం. 400 డిగ్రీల దగ్గర దాని ఘాతాంక ప్రమాణం, అంటే చర్య వేగం సుమారు 2.7 రెట్లు కావడానికి పట్టే పెరుగుదల, 38 డిగ్రీలు వస్తుంది. ఆర్గాన్ సందుతో మా క్యాప్సూల్ కోల్పోయే వేడి డిగ్రీకి దాదాపు పావు వాటు పెరుగుతుంది. పావు వాటును 38తో గుణిస్తే సుమారు 9 వాట్లు. పొడి తనంత తాను 9 వాట్లు దాటి ఇస్తుంటే, హీటరు శక్తి స్థిరంగా ఉన్నా సరే, ఉష్ణోగ్రత నిలవదు. హీలియంతో ఆ హద్దు 45 వాట్ల దాకా జరుగుతుంది.

హీటరును కంప్యూటర్ తగ్గిస్తూ పోతే 9 వాట్ల తర్వాత కూడా కొంత దూరం నెట్టుకురావచ్చు, నిజమే. కానీ హీటరు వేడిని ఇవ్వగలదే తప్ప లాక్కోలేదు. అది సున్నాకు చేరిన క్షణం కంట్రోలరు చేతిలో ఏమీ మిగలదు. మా నియమం ఇది: 400 డిగ్రీలను నిలపడానికి కావలసిన హీటరు శక్తి, నకిలీ పొడితో (ఏ చర్యా జరగని అల్యూమినాతో) కొలిచిన విలువ కంటే 5 వాట్లు తగ్గిందంటే వెంటనే హీలియం వదలాలి, హీటరు కట్టేయాలి. ఉష్ణోగ్రత పెరిగిందా అని చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది, ఎందుకంటే కంట్రోలరు దాన్ని దాచిపెడుతుంది. హీటరు శక్తి గీతను చూడాలి. ఆ గీత కిందికి వాలడమే మొదటి కబురు.

పొడి పొర 2 మి.మీ. మాత్రమే ఎందుకన్నది కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. వదులు పొడి వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. దాని ఉష్ణవాహకతను 0.5గా తీసుకుని, వలయంలోని పొడి మొత్తం 10 వాట్లు పుట్టిస్తోందని అనుకుంటే, లోపలి అంచు గోడ కంటే సుమారు 7 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అదే తీవ్రతతో వేడి పుట్టే పొడి 10 మి.మీ. గొట్టం నిండా ఉంటే నడిబొడ్డు 25 డిగ్రీలు ఎక్కువవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఈ తేడా నాలుగింతలు. ఎక్కువ పొడి వేస్తే ఎక్కువ ఫలితం కనిపిస్తుందన్న ఆశ ఈ రంగంలో అందరికీ ఉంటుంది. పొరను పలచగా ఉంచి పొడవు పెంచడమే దానికి దారి.

ఫిబ్రవరి

క్యాప్సూల్ వెల్డింగు అయింది. బాలానగర్‌లో టిగ్ వెల్డింగు చేసే ఒక పెద్దాయన రెండు చివరలూ వేశారు. హీలియం లీక్ డిటెక్టరుతో పరీక్ష చేయించాం, పాసైంది. ఆయనతో వేయించుకున్న రెండో క్యాప్సూల్ విడిగా ఉంచాం. దాంట్లో ఎప్పటికీ నికెల్ పడదు, అల్యూమినా పొడి మాత్రమే ఉంటుంది.

మార్చి, మొదటి రెండు వారాలు

హైడ్రోజన్ ఏర్పాటు. 47 లీటర్ల సిలిండర్ 150 బార్ దగ్గర నిండుగా ఉంటే అందులో దాగిన దహన శక్తి సుమారు 75 మెగాజౌళ్లు. క్యాప్సూల్‌లోనూ దాని సన్న గొట్టాల్లోనూ కలిపి 2 బార్ దగ్గర ఉండే హైడ్రోజన్ మొత్తం మండినా కొన్ని వందల జౌళ్లే. కాబట్టి ప్రమాదమంతా సిలిండర్‌లో ఉంది. అది షెడ్డు బయట, గోడకు గొలుసుతో కట్టి ఉంటుంది. చిన్న స్టీలు బుడ్డిలోకి కావలసినంత నింపుకుని, వాల్వు మూసి, గొట్టం విప్పేసిన తర్వాతే లోపల పని మొదలవుతుంది. పైకప్పు కింద హైడ్రోజన్ సెన్సరు, దాని పక్కనే నిప్పురవ్వ రాని ఎగ్జాస్ట్ ఫ్యాను. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ మండుతుంది, పగటి వెలుతురులో దాని మంట కంటికి ఆనదు. సెన్సరును 1 శాతం దగ్గరే మోగేలా పెట్టాం.

తర్వాత నీళ్లు. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మా బాబాయి రెండు రోజులు వచ్చి ఉన్నారు. పంపు పెట్టిన చోటు చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: "కరెంటు పోతే ఈ నీళ్లు ఎవరు తోస్తారు బాబూ?" ఆయన ఉద్యోగమంతా ఒక్క సూత్రం మీద నడిచింది. నీళ్లు ఆగిన క్షణమే మంట ఆగాలి. ఆయన చెప్పినట్టే పంపు తీసేసి, పైకప్పు మీది ట్యాంకు నుంచి నీళ్లు కిందికి వచ్చేలా చేశాం. ట్యాంకులో మట్టం మారకుండా పొర్లు గొట్టం ఉంది కాబట్టి సెకనుకు 2 గ్రాముల ప్రవాహం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కరెంటు ఉన్నా లేకపోయినా నీళ్లు వస్తాయి. వేడి కొలతకు కూడా ఇదే మేలైంది, పంపు వేడి నీళ్లలో కలవదు, ప్రవాహం ఊగదు.

హీలియం వాల్వు కూడా అదే తీరు. కరెంటు ఉంటే మూసి ఉంటుంది, పోతే దానంతట అదే తెరుచుకుంటుంది. ఒక లీటరు బుడ్డిలో ఉన్న హీలియం 4 ఘన సెంటీమీటర్ల సందులోంచి ఆర్గాన్‌ను తరిమేయడానికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన దేశంలో హీలియం దిగుమతి సరుకు, ధర ఎక్కువే. ఐనా ఒకసారికి ఖర్చయ్యేది చాలా తక్కువ.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు జరిగేదాన్ని మరిచిపోకూడదు. హీటరు లైనులో ఉన్న కాంటాక్టరు (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చి) ఒకసారి పడిపోతే, ఎవరైనా వచ్చి బటన్ నొక్కే దాకా మళ్లీ ఎక్కదు. కంట్రోలరుకు దాని మీద అధికారం లేదు. క్యాప్సూల్ గోడ మీద వేరే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జంట) ఉన్న వేరే లిమిటరు, జాకెట్ నీళ్ల ప్రవాహ స్విచ్చి, జాకెట్ ఉష్ణోగ్రత, హైడ్రోజన్ సెన్సరు, క్యాప్సూల్ పీడనం — వీటిలో ఏది గీత దాటినా కాంటాక్టరు పడుతుంది, హీలియం వస్తుంది. థర్మోకపుల్ తెగినా లిమిటరు దాన్ని అధిక వేడిగానే లెక్కిస్తుంది. తెగిన థర్మోకపుల్‌ను చలిగా చదివి హీటరును పూర్తిగా తెరిచే కంట్రోలర్లు ఉన్నాయి, కొనేముందు ఇది తప్పక అడగాలి.

హీటరుకు ఏసీ బదులు డీసీ సరఫరా ఇచ్చాం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు వస్తాయి, వాదనకు తావుండదు. ముక్కలు ముక్కలుగా కోసిన ఏసీ తరంగాన్ని మామూలు మీటరు తప్పుగా చదివితే, ఆ తప్పే అదనపు వేడిగా కనిపిస్తుంది. సరఫరా సామర్థ్యం 70 వాట్లకు మించదు. అది పూర్తి శక్తి దగ్గర ఇరుక్కుపోయినా క్యాప్సూల్ గోడ తట్టుకునే ఉష్ణోగ్రత దాటకూడదన్నది మొదటి నుంచీ ఉన్న షరతు.

మార్చి చివర

అల్యూమినా పొడి ఉన్న నకిలీ క్యాప్సూల్‌తో పరీక్షలు. వేడి బాగా ఉన్నప్పుడే ఒక్కొక్క లోపాన్ని కావాలని కల్పించి చూశాం.

ఆర్గాన్ సందుతో 400 డిగ్రీలకు 56 వాట్లు పట్టాయి. లెక్క 50 అంది. తేడా చివరి గొట్టాల గుండా పోయే వేడిది. నీళ్లు 6.7 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తున్నాయి. రెండు థర్మామీటర్ల మధ్య తేడాను 0.05 డిగ్రీల దాకా నమ్మవచ్చు, అంటే అర వాటు లోపు. మిగతా అనుమానాలన్నీ కలిపి ఒక వాటు అనుకుంటున్నాం.

హీటరును పూర్తి శక్తిలో ఇరికించి వదిలాం, లిమిటరును తాత్కాలికంగా తప్పించి. ఉష్ణోగ్రత 450 దాటి కాసేపటికి నిలిచిపోయింది. ఏ కంట్రోలరూ లేకుండా, క్యాప్సూల్ తన స్వభావం కొద్దీ ఆగిపోయింది. నాకు ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా అన్నిటికంటే సంతోషం కలిగించిన గ్రాఫు ఇదే.

తర్వాత మెయిన్ స్విచ్చి ఆపేశాం. ఆర్గాన్ సందు ఉంచి హీటరు మాత్రం కట్టేసినప్పుడు 400 నుంచి 200 డిగ్రీలకు దిగడానికి నాలుగు నిమిషాల దాకా పట్టింది. హీలియం వాల్వు తెరుచుకున్నప్పుడు నిమిషం లోపే దిగింది. జాకెట్ నీళ్లు గోరువెచ్చగా మారి మళ్లీ మామూలయ్యాయి, మరగలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ప్రమాదం అనిపించగానే హైడ్రోజన్‌ను బయటికి వదిలి ఆర్గాన్ ఊదడం చాలా చోట్ల మొదటి అడుగుగా రాసి ఉంటుంది. హైడ్రోజన్ ఉష్ణవాహకత ఆర్గాన్ కంటే పది రెట్లు ఎక్కువ. పొడి రేణువుల మధ్య ఉన్న హైడ్రోజన్‌ను తీసి ఆర్గాన్ పెడితే పొడికి దుప్పటి కప్పినట్టే. మేం నకిలీ క్యాప్సూల్‌లో హీటరు నడుస్తుండగా అలా మార్చి చూస్తే, గోడ ఉష్ణోగ్రత దాదాపు కదలలేదు, లోపలి హీటరు గొట్టం మాత్రం పైకి ఎగబాకింది. మంటకు అవకాశం తగ్గుతుంది, లోపలి వేడి పెరుగుతుంది. కాబట్టి మా వరుస వేరు: ముందు హీటరు ఆపడం, అదే క్షణంలో బయటి సందులో హీలియం, క్యాప్సూల్ 150 డిగ్రీల కిందికి వచ్చాకే లోపలి హైడ్రోజన్ మార్పిడి.

ఏప్రిల్

ఈ నెలంతా ఒక్క సమస్యే తినేసింది.

నకిలీ క్యాప్సూల్‌లో హైడ్రోజన్ నింపి 400 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాం. లోపల అల్యూమినా తప్ప ఏమీ లేదు. ఐనా తెల్లవారేసరికి రెండు వింతలు. క్యాప్సూల్‌లో పీడనం తగ్గింది. 400 డిగ్రీలను నిలపడానికి హీటరు శక్తి పెరిగింది, అదీ కొద్దిగా కాదు, పలు వాట్లు. లీకేమో అని హీలియం డిటెక్టరు మళ్లీ తెప్పించాం. చల్లగా ఉన్నప్పుడు ఎక్కడా లీకు లేదు.

హైడ్రోజన్ గోడలోంచే వెళ్తోంది. వేడెక్కిన స్టీలులో హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోయి, లోహంలో కరిగి, అవతలి వైపు తేలుతుంది. 1 మి.మీ. మందం, 400 డిగ్రీలు, 2 బార్ అని లెక్క వేస్తే గంటల వ్యవధిలోనే ఆ చిన్న సందులోని ఆర్గాన్‌లో చెప్పుకోదగ్గంత హైడ్రోజన్ చేరిపోతుంది. ఆర్గాన్‌లో పదో వంతు హైడ్రోజన్ కలిసినా ఉష్ణవాహకత బాగా పెరుగుతుంది. మా బ్రేకు దానంతట అదే కొద్దికొద్దిగా పడుతోందన్న మాట.

దీన్ని గమనించకపోతే ఏం జరిగి ఉండేదో చూడండి. రాత్రి సందులో హైడ్రోజన్ చేరి ఉష్ణోగ్రత తగ్గేది. పొద్దున్న ఎవరో సందును తాజా ఆర్గాన్‌తో కడిగేవారు. అదే హీటరు శక్తికి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగేది. అదనపు వేడి పుట్టిందని పరుగెత్తేవాళ్లం. పీడనం తగ్గింది కాబట్టి నికెల్ హైడ్రోజన్‌ను పీల్చుకుందని కూడా రాసుకునేవాళ్లం. నిజానికి పల్లేడియంతో పోలిస్తే నికెల్ ఈ పీడనాల దగ్గర పీల్చుకునే హైడ్రోజన్ అత్యల్పం. 5 గ్రాముల పొడి తీసుకునేది మా గేజిలో ఒక శాతం మార్పు కూడా చూపించకపోవచ్చు. అంతకు మించి పీడనం పడితే గోడనో, పొడి మీది ఆక్సైడ్‌నో అనుమానించాలి.

1994లో ఇటలీలోని సియెనాలో పియాంతెల్లి, ఫొకార్డి, హాబెల్ నికెల్–హైడ్రోజన్ వ్యవస్థలో అదనపు వేడి చూశామని ప్రకటించారు. రెండేళ్లకు సెర్న్‌లో ఒక బృందం అలాంటి పరికరమే కట్టి పరీక్షించింది. ఉష్ణోగ్రతలో మార్పులు వాళ్లకూ కనిపించాయి, అదనపు శక్తి మాత్రం కనిపించలేదు. ఉష్ణోగ్రత మారిందంటే వేడి ఎక్కువ పుట్టిందని కాదు, వేడి పోయే దారి మారి ఉండవచ్చు. ఏప్రిల్ నెల మా బల్ల మీద దాన్ని కళ్లారా చూపించింది.

పరిష్కారం సులువే. సందులో ఆర్గాన్‌ను కదలకుండా ఉంచడం మానేసి, నిమిషానికి 10 మిల్లీలీటర్ల చొప్పున నెమ్మదిగా పారనిస్తున్నాం. గోడలోంచి వచ్చిన హైడ్రోజన్ పేరుకోకుండా కొట్టుకుపోతుంది, దాన్ని గొట్టంతో షెడ్డు బయటికి వదులుతున్నాం. ఆ ప్రవాహం మోసుకుపోయే వేడి 0.05 వాట్లు, లెక్కలోకి రాదు. రాత్రి శక్తి గీత ఇప్పుడు చదునుగా ఉంది.

మే

షెడ్డులో మధ్యాహ్నం 42 డిగ్రీలు. ట్యాంకు నీళ్లు పొద్దుటికీ సాయంత్రానికీ పది డిగ్రీల తేడాతో వస్తున్నాయి. ప్రవాహ కెలోరీమీటరు లోపలికి వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ ఉన్న తేడానే చూస్తుంది కాబట్టి సిద్ధాంతపరంగా ఇబ్బంది లేదు, కానీ జాకెట్ గోడ నుంచి గదిలోకి పోయే వేడి గంటగంటకూ మారుతోంది. జాకెట్ మీద మరో పొర ఇన్సులేషన్ చుట్టాం, ట్యాంకుకు నీడ వేశాం. అసలు కొలతలు రాత్రి పదకొండు తర్వాతే.

ఉష్ణోగ్రతను కెమెరాతో చూసి వేడిని అంచనా వేయవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగారు. 2014లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో జరిగిన పరీక్షలో ఇలాంటి ఒక రియాక్టర్ అల్యూమినా గొట్టాన్ని థర్మల్ కెమెరాతోనే కొలిచారు. అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి అల్యూమినా వెదజల్లే కిరణాల నిష్పత్తి ఒకటి, కెమెరా చూసే తరంగదైర్ఘ్యాల దగ్గర దాని నిష్పత్తి వేరు. మొదటిది రెండోదానికంటే చాలా తక్కువ. కెమెరాలో మొదటిది పెడితే ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తేసరికి వేడి లెక్క కొండెక్కుతుంది. ఆ నివేదికపై వచ్చిన ప్రధాన విమర్శ ఇదే. నీళ్లు ఆ రకంగా మోసం చేయవు.

జూన్

నికెల్ వేశాం.

ముందుగా 5 శాతం హైడ్రోజన్ కలిసిన ఆర్గాన్‌ను పొడి గుండా పంపుతూ ఆక్సైడ్ పొరను తొలగించాం. ఆ మిశ్రమం గాలిలో కలిసినా అంటుకునే ప్రమాదం శుద్ధ హైడ్రోజన్ కంటే చాలా తక్కువ. నికెల్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ క్షయకరణం చేసినప్పుడు వేడి దాదాపు పుట్టదు, మోలుకు 2 కిలోజౌళ్లంత. కానీ నీటి ఆవిరి వస్తుంది. దాన్ని చల్లని గొట్టంలో పేరుకోనిస్తే తర్వాత పీడనం లెక్కలు చెడతాయి కాబట్టి, ఆరేదాకా వాయువును పారనిచ్చాం.

తర్వాత నికెల్–హీలియం. నికెల్ ఉండి చర్య జరగని పరిస్థితి ఇది. హీలియం ఉష్ణవాహకత హైడ్రోజన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి పొడి లోపలి ఉష్ణోగ్రతలు కూడా దగ్గరగా ఉంటాయి. ఆర్గాన్‌తో పోల్చితే ఈ వీలు ఉండదు. ఆ తర్వాత అదే పొడి, అదే పీడనం, హైడ్రోజన్‌తో. 300, 350, 400 డిగ్రీల దగ్గర ఒక్కొక్క చోట రాత్రి మొత్తం.

హీటరు శక్తిలో తేడా ఒక వాటు లోపే ఉంది. నీళ్లు కూడా అదే చెప్పాయి. అంటే మేం నమ్మకంగా కొలవగలిగే హద్దు లోపల ఈ పొడి, ఈ పీడనం దగ్గర, అదనపు వేడి ఏదీ ఇవ్వలేదు. గూగుల్ నిధులతో జరిగి 2019లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన కూడా నికెల్–హైడ్రోజన్‌ను ఇంతకంటే చాలా ఎక్కువ వేడి, పీడనాల దగ్గర చూసి, ఆధారం దొరకలేదనే చెప్పింది. నాకు నిరాశ లేదు. ట్రాంబేలో 1989లో పి.కె. అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్‌ల బృందాలు ఈ ప్రశ్నను పట్టుకున్న నాటి నుంచి మన దేశంలో దీన్ని శ్రద్ధగా అడిగినవాళ్లు ఉన్నారు. శ్రద్ధగా అడిగిన ప్రశ్నకు లేదన్న జవాబు కూడా జవాబే.

రక్షణ వ్యవస్థ ఈ నెలలో రెండుసార్లు నిజంగా పనిచేసింది. రెండుసార్లూ కరెంటు పోవడం వల్లే. కాంటాక్టరు పడింది, హీలియం వచ్చింది, కరెంటు తిరిగి వచ్చాక హీటరు చల్లగానే ఉండిపోయింది.

జూలై, మొదటి వారం

క్యాప్సూల్ విప్పే పని. చాలామంది ప్రయోగం ముగిసిందనుకునే ఈ ఘట్టంలోనే వేడి అదుపు తప్పే అవకాశం ఎక్కువ. ఆక్సైడ్ పోయిన సన్నని నికెల్ పొడి గాలి తగలగానే అంటుకోగలదు. నికెల్ ఆక్సైడ్‌గా మారినప్పుడు మోలుకు 240 కిలోజౌళ్లు వస్తాయి, అంటే గ్రాముకు 4.1 కిలోజౌళ్లు. మా 5 గ్రాముల్లో 20 కిలోజౌళ్లు ఉన్నాయి, లోపలి హైడ్రోజన్ మొత్తం మండినా వచ్చేదానికి ఎన్నో రెట్లు. చిన్న లీకు గుండా గాలి నెమ్మదిగా లోపలికి వస్తుంటే ఈ 20 కిలోజౌళ్లు 5 వాట్ల చొప్పున గంటకు పైగా రావచ్చు. అణుచర్యగా పొరబడడానికి సరిగ్గా సరిపోయే వేడి అది! కాబట్టి ఎవరైనా అదనపు వేడి చూశామంటే నేను మొదట అడిగేది పొడిని ప్రయోగానికి ముందూ తర్వాతా తూచారా అని.

మేం పొడిని గది ఉష్ణోగ్రత దాకా చల్లబరిచి, హైడ్రోజన్ తీసేసి, 1 శాతం ఆక్సిజన్ ఉన్న ఆర్గాన్‌ను చాలా నెమ్మదిగా పంపాం. లోపలి థర్మోకపుల్ కొద్దిగా లేచి, గంటల తర్వాత మళ్లీ కిందికి వచ్చింది. రేణువుల మీద పలచని ఆక్సైడ్ పొర ఏర్పడిందన్న గుర్తు. ఆ తర్వాత ఆక్సిజన్ శాతం మెట్టు మెట్టుగా పెంచి, చివరికి గాలి. పొడిని పళ్లెంలోకి వంచినప్పుడు బకెట్లో పొడి ఇసుక పక్కనే ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు.

తర్వాతి విడతలో మారేవి రెండే. నికెల్ పొడి బదులు కాన్‌స్టాంటన్ తీగ. ఇటలీలో ఫ్రాస్కాటిలో ఫ్రాంచెస్కో చెలాని చాలాకాలం పనిచేసినది ఈ రాగి–నికెల్ మిశ్రమంతోనే. తీగ కాబట్టి పొడికున్న అంటుకునే గుణం ఉండదు, దాని విద్యుత్ నిరోధం మారే తీరును బట్టి హైడ్రోజన్ ఎంత చేరిందో నేరుగా చూడవచ్చు. రెండోది, క్యాప్సూల్ లోపలి గోడకు రాగి పూత. స్టీలు కంటే రాగిలో హైడ్రోజన్ చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి గోడ దాటే హైడ్రోజన్ తగ్గాలి. 5 వాట్ల నియమం, హీలియం బ్రేకు, నకిలీ క్యాప్సూల్ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త క్యాప్సూల్ వెల్డింగుకు ఇచ్చాం, వచ్చాక ముందు అల్యూమినాతో మొదలు.